ఖైదీల కవితల సంకలనం: పేరు కింద నేరం కూడా అచ్చు వేయాలా?

పల్లవి_చరణం
జైలులో రచన తరగతి నడిపే బృందంలో నేనూ ఒకరిని. శిక్ష పడిన ఖైదీలు రాసిన కవితలు, చిన్న కథలు కలిపి ఒక సంకలనం తెస్తున్నాం. రాతప్రతి అధికారుల పరిశీలన దాటింది, రాసినవాళ్ల సమ్మతి పత్రాలూ చేతికొచ్చాయి. ఇప్పుడు సంపాదకుల మధ్యే పేచీ. ప్రతి రచన కింద పేరు, నేరం, పడిన శిక్ష వేయాల్సిందేనని ఒకరి పట్టు. అవి తెలియనివ్వకుండా చదివించడం పాఠకుణ్ణి మోసగించడమేనని ఆయన అంటున్నారు. నేరం మాట ఎక్కడా రాకూడదని మరొకరు. ఆ ముక్క కంటపడ్డాక కవితను ఎవరూ కవితగా చదవరని ఆవిడ భయం. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోస్తోంది, ప్రెస్సుకు మాత్రం ఒక్క రూపమే వెళ్లాలి. ఇలాంటి పుస్తకాలు తెచ్చినవాళ్లు, లోపల గడిపినవాళ్లు, నేరం వల్ల నష్టపోయినవాళ్లు, ఎవరైనా చెప్పండి.

తటస్థపాఠకుడు
వేయాలి. పశ్చాత్తాపం గురించి కవిత రాశాడంటే, దేనికి పశ్చాత్తాపపడుతున్నాడో తెలియకుండా నేనెలా తూచగలను? పర్సు కొట్టేసినవాడు 'క్షమించండి' అనడం, ప్రాణం తీసినవాడు అదే మాట అనడం ఒకటే బరువా?

చెరగనిసిరా
తూచమని మిమ్మల్ని ఎవరడిగారు? ఆ పని కోర్టు చేసేసింది, మీరు చదవండి చాలు. అమెరికా కథకుడు ఓ. హెన్రీ బ్యాంకు సొమ్ము కాజేసిన కేసులో 1898 నుంచి 1901 దాకా ఒహాయో జైలులో ఉన్నాడు. అక్కడ రాసిన కథలు కలం పేరుతో బయటి పత్రికల్లో వచ్చాయి. చదివినవాళ్లకు అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియదు. బాగున్నాయి కాబట్టి నిలిచాయి.

తటస్థపాఠకుడు
ఓ. హెన్రీ కథలను ఎవరూ 'జైలు కథలు' అని చెప్పి అమ్మలేదు. ఈ పుస్తకం అట్ట మీదే 'ఖైదీలు' అని ఉండబోతోంది. ఆ మాటతో పాఠకుణ్ణి లోపలికి పిలిచి, వచ్చాక ఏమీ అడగొద్దంటే ఎలాగండీ?

కొత్తసభ్యురాలు
ఈ మాట మాత్రం గట్టిగా తగిలింది.

వార్డు_డ్యూటీ
జైళ్ల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మీరెవరూ తలవని సంగతి ఒకటి ఉంది. ఆ పుస్తకం తిరిగి బ్యారక్‌లోకి కూడా వస్తుంది. రాసినవాడు తన ప్రతిని పదిమందికీ చూపిస్తాడు, చూపించకుండా ఉండలేడు. చార్జిషీటులో తప్ప తన పేరు ఇంకెక్కడా అచ్చులో చూసుకోని మనిషి అతను. ఇప్పుడు ఆ పేరు కింద చిన్నపిల్లల మీద అఘాయిత్యం కేసు అని ఉందనుకోండి. ఆ కేసులో వచ్చినవాణ్ణి తోటి ఖైదీలు బతకనివ్వరు. అందుకే అలాంటివాళ్లు వేరే ఏదో కేసు పేరు చెప్పుకుని కాలం గడుపుతారు. మీ సంకలనం ఆ ముసుగు లాగేశాక లైట్లు ఆర్పిన తర్వాత ఏం జరిగినా జవాబు చెప్పుకోవాల్సింది డ్యూటీలో ఉన్నవాడు. నేను ఉన్న రోజుల్లో అయితే నేరాలు అచ్చేసిన పుస్తకాన్ని గేటు దాటనిచ్చేవాణ్ణి కాను.

న్యాయపీఠిక
దానికి చట్టం వైపు నుంచి రెండు విషయాలు కలుపుతాను. లైంగిక నేరాల్లో బాధితులెవరో తెలిసిపోయేలా ఏదీ ప్రచురించకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ దీన్ని నేరంగా చూస్తాయి. బాధితురాలి పేరు తీసేస్తే సరిపోతుందనుకోకండి. నేరం చేసింది తండ్రో మామయ్యో అయితే, అతని పేరూ నేరమూ పక్కపక్కన పడగానే ఆ పాప ఎవరో తెలిసినవాళ్లందరికీ అర్థమైపోతుంది.
రెండోది, మీ రచయితల్లో అప్పీలు పెండింగులో ఉన్నవాళ్లు ఉన్నారా? ఉంటే 'ఈ చేతులతోనే చేశాను' అన్న పంక్తిని ప్రచురించే ముందు వాళ్ల వకీలుకు చూపించండి. అమెరికాలో ర్యాప్ పాటల పంక్తులను కోర్టులో సాక్ష్యంగా వాడే ధోరణి బాగా ముదిరింది. దానికి హద్దులు పెడుతూ కాలిఫోర్నియా 2022లో చట్టమే చేయాల్సి వచ్చింది.

కొత్తసభ్యురాలు
అసలు లోపల ఉన్నవాళ్లకు తాము రాసింది బయటికి పంపి అచ్చు వేయించుకునే హక్కు ఉంటుందా?

న్యాయపీఠిక
ఉంటుంది. 1965లో మన సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ప్రభాకర్ పాండురంగ్ సంజ్‌గిరి అనే నిర్బంధితుడు పరమాణువు గురించి మరాఠీలో సైన్సు పుస్తకం రాశారు. దాన్ని బయటికి పంపనివ్వబోమని ప్రభుత్వం అంది. ఆ నిరాకరణ చెల్లదని కోర్టు తేల్చింది. ఆయన శిక్ష పడిన ఖైదీ కాదు, ముందస్తు నిర్బంధంలో ఉన్న వ్యక్తి. ఆ తేడా గుర్తుంచుకోవాలి. కానీ 1994లో వచ్చిన ఆటో శంకర్ కేసు నేరుగా మన విషయానికే వస్తుంది. వరుస హత్యల కేసులో మరణశిక్ష పడిన మనిషి జైలులో ఆత్మకథ రాశాడు, నక్కీరన్ పత్రిక వేయబోయింది. కొందరు అధికారులతో తనకున్న సంబంధాలు అందులో రాశాడని పత్రిక వాదన. ప్రచురణను ముందుగానే ఆపే అధికారం ప్రభుత్వానికి గానీ అధికారులకు గానీ లేదని, పరువు నష్టమనుకుంటే తర్వాత దావా వేసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది.

అన్నయ్యచెల్లి
మొదటి నుంచీ చదువుతున్నాను. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను.
మా అన్నయ్యను చంపిన మనిషి ఇప్పుడు బొమ్మలు వేస్తున్నాడు. బాగా వేస్తాడట. ఆ సంగతి నాకు ఒక బంధువు పంపిన వార్త చూశాక తెలిసింది. వార్తలో అతని బాల్యం ఉంది, రంగుల మీద అతని ఇష్టం ఉంది, అతని గురువుగారి మాటలు ఉన్నాయి. మా అన్నయ్య 'ఒక హత్య కేసులో' అన్న మూడు మాటల్లో ముగిసిపోయాడు. పేరు కూడా లేదు.
అతను బొమ్మలు వేయకూడదని నేను అనను. రోజంతా గోడ చూస్తూ కూర్చుంటే నాకేమైనా తిరిగొస్తుందా? నాకు కోపం తెప్పించింది వేరే. ఆ వార్త వేసేముందు మా ఇంటికి ఒక్క ఫోను చేయాలని ఎవరికీ తోచలేదు. మా అమ్మ అప్పటికింకా ఉంది. ఆ పేపరు ఆవిడ కంట పడకుండా దాచడానికి నేను పడిన పాట్లు నాకే తెలుసు.
పల్లవి_చరణం గారూ, నేరం వేయాలా వద్దా అని మీరు పాఠకుడి కోసం ఆలోచిస్తున్నారు, రాసినవాడి కోసం ఆలోచిస్తున్నారు. మూడో మనిషి ఒకరున్నారు. ఆ ఇంటివాళ్లకు ముందుగా చెప్పారా?

పల్లవి_చరణం
లేదండీ. ఆ ప్రస్తావన మా సమావేశాల్లో రాలేదు. ఇవాళే మా బృందం ముందు పెడతాను.

చెరగనిసిరా
అన్నయ్యచెల్లి గారూ, మీ బాధకు తలవంచుతాను. ఒక్క సందేహం మాత్రం ఉంది. ముందుగా చెప్పడం వేరు, అనుమతి అడగడం వేరు. ఆ కుటుంబం వద్దంటే కవిత ఆగిపోవాలా?

అన్నయ్యచెల్లి
ఆగాలని నేను అనలేదు. తెలియాలి అన్నాను. తెలిస్తే ఆ వారం పేపరు తెప్పించుకోవడం మానేస్తాం, ఫోను పక్కన పెడతాం. లేకపోతే ఒక రోజు ధైర్యం చేసి చదువుతాం. ఆ నిర్ణయం మా చేతిలో ఉండాలి.

తటస్థపాఠకుడు
కళను నమ్మి మోసపోయిన కథ కూడా ఇక్కడ ఉండాలి. జాక్ హెన్రీ అబ్బట్ జైలు నుంచి నవలా రచయిత నార్మన్ మెయిలర్‌కు ఉత్తరాలు రాసేవాడు. అవి 1981లో పుస్తకంగా వచ్చాయి, విమర్శకులు ఆకాశానికెత్తారు. మెయిలర్ లాంటివాళ్లు మాట సాయం చేశారు, పెరోల్ వచ్చింది. బయటికొచ్చిన కొద్ది వారాలకే న్యూయార్క్‌లో ఒక రెస్టారెంటులో పనిచేసే కుర్రవాణ్ణి పొడిచి చంపాడు. ఆ కుర్రవాడు నటుడు, నాటకాలు కూడా రాసేవాడు. పేరు రిచర్డ్ ఆడన్. హంతకుడి పుస్తకం అందరికీ గుర్తుంది, ఆడన్ ఏం రాశాడో ఎవరైనా చెప్పగలరా?

మట్టిముద్ద
అబ్బట్ పేరు వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నాను. ఈ విషయం ఎక్కడ చర్చకొచ్చినా వస్తుంది. దాని పక్కనే స్కాట్లాండ్‌లోని గ్లాస్గో కథ కూడా చెప్పుకోవాలి. బార్లిన్నీ జైలులో 1973లో ఒక ప్రత్యేక విభాగం తెరిచారు. జైలు సిబ్బంది మీద దాడులు చేసి, ఇక ఎక్కడా పెట్టలేమనుకున్న ఖైదీలను అక్కడికి తెచ్చారు. హత్య కేసులో యావజ్జీవం పడిన జిమ్మీ బోయిల్ అందులో ఒకడు. అంతకుముందు అతణ్ణి బోనులో పెట్టేవారు. జాయిస్ లైంగ్ అనే కళా చికిత్సకురాలు వచ్చి వాళ్ల ముందు మట్టి పెట్టింది. బోయిల్ శిల్పి అయ్యాడు, 1977లో ఆత్మకథ వచ్చింది, విడుదలయ్యాక శిల్పిగానే బతికాడు. ఆ విభాగాన్ని 1994లో మూసేశారు.
నేను మట్టిపని నేర్పిస్తాను, జైలులో కూడా నేర్పించాను. మట్టితో చేసేటప్పుడు తొందరపడితే బొమ్మ పగులుతుంది, ఆరకముందే కాల్చితే పేలుతుంది. కోపం వస్తే చెయ్యి ముందు లేచే మనిషి, వారం పాటు ఒక కుండ ఆరడం కోసం కాచుకుని కూర్చోవడం నేను చూశాను. దాన్ని పశ్చాత్తాపం అని నేను పిలవను, అంత పెద్ద మాట నాకెందుకు. కాచుకోవడం నేర్చుకున్నాడు, అంతే.

లెక్కలపిచ్చి
బోయిల్ ఒకడు, అబ్బట్ ఒకడు. ఒక్కొక్క కథతో ఏదైనా రుజువు చేయొచ్చు. కొంత గట్టి ఆధారం చదువు విషయంలో ఉంది. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2013లో అమెరికాలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసింది. జైలులో చదువుకున్నవాళ్లు మళ్లీ నేరం చేసి లోపలికి వచ్చే అవకాశం, చదువుకోనివాళ్లతో పోలిస్తే 43 శాతం తక్కువని అంచనా వేసింది. అయితే అది చదువు గురించి. కవిత్వానికీ చిత్రలేఖనానికీ అదే అంకె తగిలించకూడదు. పైగా రచన తరగతికి తనంతట తానే పేరు ఇచ్చే ఖైదీ అప్పటికే కొంత మారాలనుకుంటున్న మనిషి. మార్చింది తరగతా, ఆ కోరికా అని విడదీయడం చాలా కష్టం.

వార్డు_డ్యూటీ
అంకెలు మీకు వదిలేస్తాను. నాకు కనిపించింది చెబుతాను. నాటకం రిహార్సల్స్ జరిగే నెలల్లో ఆ బ్యారక్‌లో కొట్లాటలు తగ్గేవి. కారణం చిన్నదే, గొడవ పడితే పాత్ర పోతుంది. రాజు వేషం వేసేవాడు సైనికుడి వేషం వేసేవాణ్ణి కొట్టడానికి లేదు. వారం తర్వాత వాడు డైలాగు అందించకపోతే రాజుగారి పరువే పోతుంది.

పాతపుస్తకం
నాటకం అన్నారు కాబట్టి. కోల్‌కతాలోని ప్రెసిడెన్సీ జైలు ఖైదీలతో నర్తకి అలోకనంద రాయ్ టాగూరు 'వాల్మీకి ప్రతిభ' వేయించారు. దొంగల నాయకుడు కవిగా మారే కథ, ఆడింది శిక్ష అనుభవిస్తున్న మనుషులు. ఆదికవి కథే మనకు ఇలా చెప్పుకుంటున్నాం కదా, ఖైదీ కవిత రాస్తే ఇంత ఆశ్చర్యం ఎందుకు? ఇంకొకటి, 1957లో అమెరికాలోని శాన్ క్వెంటిన్ జైలులో బెకెట్ 'వెయిటింగ్ ఫర్ గోడో' నాటకం వేశారు. వస్తాడో రాడో తెలియని మనిషి కోసం ఎదురుచూసే ఇద్దరి కథ. బయట పండితులు తల పట్టుకున్న ఆ నాటకం ఖైదీలకు చక్కగా ఎక్కింది. ఎదురుచూడటమంటే ఏమిటో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత అక్కడి ఖైదీలే సొంతంగా నాటక బృందం పెట్టుకున్నారు.

నిర్వాహకుడు
వాల్మీకి పూర్వాశ్రమం మీద వాదన మొదలుపెట్టబోయేవారికి: దానికి వేరే చర్చ ఉంది, ఇప్పటికే పురాణమంత అయింది. ఇక్కడ సంకలనం గురించి మాట్లాడండి.

విడుదలయ్యాక
నేను లోపల ఉండి వచ్చినవాణ్ణి. ఏ కేసో ఇక్కడ రాయను, దానికి కారణం ఈ పోస్టు చివరికి మీకే తెలుస్తుంది.
రచన తరగతిలో మొదట అందరూ రాసేది అమ్మ మీద. తర్వాత ఊరు, వాన, ఇంటివాళ్లు చూడటానికి వచ్చే ములాఖత్ రోజు. చేసిన పని గురించి రాయడానికి చాలా కాలం పడుతుంది, కొందరు ఎప్పటికీ రాయరు. నేను మొదట రాసినప్పుడు అన్నీ 'జరిగింది', 'అయిపోయింది' అని రాశాను. మా పంతులమ్మ ఎర్ర పెన్నుతో ఆ మాటల కింద గీత గీసి 'ఎవరు చేశారు?' అని పక్కన రాసింది. కోపం వచ్చి ఆ కాగితం చించేశాను. మళ్లీ రాయడానికి నెలలు పట్టింది. 'నేను' అని వాక్యం మొదలుపెట్టి పూర్తి చేయడం కోర్టులో కన్నా ఆ నోటుబుక్కులోనే కష్టమైంది. కోర్టులో నా తరఫున వకీలు మాట్లాడాడు.
తటస్థపాఠకుడు గారూ, మీరు తూచాలన్నారు. నా పేరు కింద సెక్షన్ నంబరు వేస్తే మీరు తూచేది దాన్నే. సెక్షన్‌లో నేను చేసిన పని సగం కూడా ఉండదు. ఎందుకు చేశానో, చేశాక ఇంటికొచ్చి ఏం చేశానో, ఎవరి ముఖం చూడలేకపోయానో అందులో ఉండవు. కవితలో ఉన్నాయి. ఈ పోస్టు మొదట్లో కేసు రాసి ఉంటే ఇక్కడిదాకా ఎంతమంది చదివేవారు?

తటస్థపాఠకుడు
నేను చదివేవాణ్ణి. ఇంకా జాగ్రత్తగా చదివేవాణ్ణి. తెలిసి చదవడాన్ని మీరు శిక్ష అనుకుంటున్నారు, నాకు అది గౌరవం. పూర్తి మనిషిని చూస్తున్నానన్న నమ్మకం ఉంటుంది.

చెరగనిసిరా
మీలాంటి పాఠకుడు వందకు ఒక్కరండీ. సంకలనం మిగతా తొంభై తొమ్మిది మంది చేతుల్లోకి కూడా వెళ్తుంది.

న్యాయపీఠిక
ఒక తీర్పు సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ తరగతి మీద దాని నీడ పడి ఉంటుంది. 2019లో సుప్రీంకోర్టు ఒక చిన్నారిని ఎత్తుకెళ్లి చంపిన కేసులో మరణశిక్షను యావజ్జీవంగా మార్చింది. నేరం చేసినప్పుడు అతనికి 22 ఏళ్లు, అప్పటికి 18 ఏళ్లుగా జైలులో ఉన్నాడు, లోపల ప్రవర్తన బాగుంది, చదువుకున్నాడు. వీటితో పాటు అతను జైలులో రాసిన కవితలను కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంది. తన తప్పు తెలుసుకున్నట్టు ఆ కవితల్లో కనిపిస్తోందని చెప్పింది.

అన్నయ్యచెల్లి
ఉరి తీయాలని నేను ఎప్పుడూ కోరుకోలేదు. అయినా ఇది చదివితే మనసు చివుక్కుమంది. కవిత రాయడం రానివాడికి పశ్చాత్తాపం ఉండదా? మాటల పొందిక ఉన్నవాడు బతకడం, లేనివాడు పోవడం ఏ న్యాయం?

న్యాయపీఠిక
సరైన ప్రశ్న. కవితలు ఆ తీర్పుకు ఏకైక కారణం కావు, వయసు, గడిపిన కాలం, ప్రవర్తన అన్నీ ఉన్నాయి. కానీ మీరడిగింది ఏ న్యాయమూర్తి అయినా ఆలోచించాల్సిందే.

పల్లవి_చరణం
నీడ పడిన మాట నిజం. 'మేడమ్, ఇది రెమిషన్‌కు, అంటే శిక్ష తగ్గించడానికి పనికొస్తుందా?' అని తరగతిలో అడుగుతారు. అడిగినప్పుడల్లా 'పనికిరాదు, కవిత బాగుపడటానికి మాత్రమే కూర్చుందాం' అంటాను. అయినా కొందరు జడ్జిగారికి రాస్తున్నట్టే రాస్తారు. 'సమాజమా నన్ను క్షమించు' అని మొదలవుతాయి ఆ కవితలు. సంకలనంలోకి వాటిని దాదాపు తీసుకోలేదు.

లెక్కలపిచ్చి
అంటే ఎంపికలోనే ఒక తీర్పు జరిగింది. ఏ పశ్చాత్తాపం నిజమో మీరు నిర్ణయించారు.

పల్లవి_చరణం
కవితలు బాగాలేవని తీసేశాం. వాళ్ల పశ్చాత్తాపం నిజమా కాదా అన్నది నేను కొలవలేను, కొలవను.

కొత్తసభ్యురాలు
డబ్బు సంగతి? పుస్తకం అమ్ముడైతే ఎవరికి?

న్యాయపీఠిక
న్యూయార్క్‌లో 1977లో దీని కోసమే చట్టం చేశారు. నేరం కథ అమ్మి నేరస్తుడు సొమ్ము చేసుకోకుండా, ఆ డబ్బు బాధితులకు వెళ్లాలని. 1991లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నేరాన్ని ప్రస్తావించిన ప్రతి రచననూ పట్టుకునేంత వెడల్పుగా ఉందని, భావ ప్రకటన స్వేచ్ఛకు అడ్డమని చెప్పింది. 2001లో దారి మార్చారు. రచనను ముట్టుకోకుండా, శిక్ష పడిన వ్యక్తికి పెద్ద మొత్తం ఎక్కడి నుంచి వచ్చినా బాధితులకు తెలియజేసి, దావా వేసుకునే వీలు కల్పించారు.

మట్టిముద్ద
బ్రిటన్‌లో రచయిత ఆర్థర్ కోస్లర్ 1962లో ఖైదీల కళకు పోటీలు మొదలుపెట్టించారు. ఆయన స్వయంగా స్పెయిన్‌లో మరణశిక్ష నీడలో జైలులో గడిపిన మనిషి. ఇప్పటికీ ఏటా జరుగుతున్నాయి. అక్కడ బొమ్మ అమ్ముడైతే వేసినవారికి కొంత, బాధితులకు సాయం చేసే సంస్థకు కొంత వెళ్లే ఏర్పాటు ఉంది. మీరు కూడా అలా చేయొచ్చు.
ఇంకో ఉదాహరణ నాకు వీటన్నిటికన్నా ఇష్టం. అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గరి గ్రేటర్‌ఫోర్డ్ జైలు ఖైదీలు, నేర బాధితులు కలిసి గోడ చిత్రం వేయడానికి కూర్చున్నారు. చిత్రంలో ఏముండాలన్న దగ్గరే గొడవ. ఖైదీలు తమ మార్పు కనిపించాలన్నారు, బాధితులు తమ నష్టం కనిపించాలన్నారు. ఒక గోడ మీద ఇమడలేదు, రెండు గోడలు వేశారు. గుడ్డ మీద ముక్కలు ముక్కలుగా లోపల రంగులు వేసి, తర్వాత బయట గోడకు అతికించారు. రాజీ కుదరలేదని దాచుకోలేదు, రెండూ జనం చూసేలా పెట్టారు.

అన్నయ్యచెల్లి
ఆ రెండో గోడ గురించి ఇంకా చదవాలి. ధన్యవాదాలు.

విడుదలయ్యాక
మా తరగతిలో ఒకతను తన నేరం తన పేరు కింద వేయమని పట్టుబట్టాడు. దాచుకుంటే మళ్లీ పాత మనిషినే అవుతానన్నాడు. అలాంటివాళ్లు మీ దగ్గర ఉంటే ఏం చేస్తారు?

పల్లవి_చరణం
ఇద్దరు ఉన్నారు. నిన్న సమావేశంలో ఇదే ఎక్కువసేపు నడిచింది. పేర్లు, సెక్షన్లు వేయకూడదని తేలింది. వార్డు_డ్యూటీ గారు చెప్పిన కారణం విన్నాక, పట్టుబట్టిన సంపాదకుడు కూడా ఆ విషయంలో ఒప్పుకున్నారు. ముందుమాటలో మాత్రం ఈ రచయితల్లో హత్య, దోపిడీ, మోసం, లైంగిక నేరాలకు శిక్ష పడినవాళ్లు ఉన్నారని సూటిగా రాస్తున్నాం, ఎవరు ఏదో చెప్పకుండా. అట్ట మీద 'ఖైదీలు' అని పిలిచాక ఆ మాత్రం చెప్పాలన్న తటస్థపాఠకుడు గారి వాదన నిలిచింది. తామే చెప్పుకుంటామన్న ఇద్దరికీ, కవితలోనే చెప్పమన్నాం. ఒకరు సరేనన్నారు. ఇంకొకరు ఒప్పుకోలేదు, తన కవిత వెనక్కి తీసుకుంటానంటున్నారు. ఇంకా మాట్లాడుతున్నాం.
బాధిత కుటుంబాలకు ఉత్తరం రాయాలని కూడా అనుకున్నాం. చిరునామాలు ఎక్కడ సంపాదించాలో చూస్తున్నాం.

న్యాయపీఠిక
చిరునామాలు మీరు వెతకొద్దు. మీ చేతికి అవి రాకూడదు, మీ రచయితల చేతికి అసలు రాకూడదు. ఉత్తరం రాసి సీలు చేయని కవరులో జైలు అధికారులకు ఇవ్వండి, పంపడం వాళ్ల ద్వారా జరగనివ్వండి. లైంగిక నేరాల కేసుల్లో ఉత్తరం పంపడమే మంచిదా కాదా అని ముందు వాళ్లతో మాట్లాడండి. ఇంట్లో ఎవరికీ తెలియని కేసులు కూడా ఉంటాయి.

వార్డు_డ్యూటీ
కవరు మీద జైలు ముద్ర లేకుండా చూడమనండి. పోస్టుమాన్ నుంచి పక్కింటివాళ్ల దాకా అందరూ చదివేది ఆ ముద్రనే.

అన్నయ్యచెల్లి
ఉత్తరంలో కవిత పెట్టకండి. పుస్తకం వస్తోందని, ఏ నెలలో వస్తుందో, వివరాలు కావాలంటే ఎవరిని అడగాలో రాయండి. కవితలో మా మనిషి ప్రస్తావన ఉంటే అది మాత్రం ముందే చెప్పండి. 'మీ బాధను అర్థం చేసుకోగలం' అన్న వాక్యం వద్దు. చిత్తుప్రతి నాకు పంపితే చూసి పెడతాను.

పల్లవి_చరణం
రేపు పంపుతాను. ముందుమాట కూడా జతచేస్తాను, తటస్థపాఠకుడు గారూ, విడుదలయ్యాక గారూ, మీరిద్దరూ చూడాలి.

తటస్థపాఠకుడు
చూస్తాను. 'లైంగిక నేరాలు' అన్న మాటను మెత్తబరిస్తే మాత్రం గట్టిగానే రాస్తాను.

విడుదలయ్యాక
పంపండి. నేను చూసేది వాక్యాల్లో కర్త ఉన్నాడా లేడా అని.